షేడ్ కార్డు అడగని గోడ

ఏటా మే 9 ప్రాంతంలో, మిట్టమధ్యాహ్నం, హైదరాబాద్‌లో నిట్టనిలువుగా పాతిన కర్రకి నీడ ఉండదు. నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఉత్తరాయణంలో రోజురోజుకీ పైకి జరుగుతూ వచ్చిన సూర్యుడు ఆ రోజుకి సరిగ్గా నడినెత్తికి చేరతాడు. జూన్ 21 దాకా ఇంకా ఉత్తరానికి పోయి, వెనుదిరిగి, ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ నెత్తి మీదుగా దక్షిణానికి దిగుతాడు. ఈ నీడలేని రోజుని బడిపిల్లలకి చూపించి మురిసిపోతాం. ఇంటికి రంగులు వేయించబోయేవాళ్ళకి చూపిస్తే ఇంకా ఉపయోగం.

ఆ కర్ర ఉన్న చోట ఒక ఇల్లుందనుకోండి. నడినెత్తి సూర్యుడు గోడల్ని రాసుకుంటూ పోతాడు కానీ వాటి మీద పడడు. పడేదంతా డాబా మీదే. మే 9కీ ఆగస్టు 3కీ మధ్య సూర్యుడు తూర్పుకి ఉత్తరంగా పొడుస్తాడు, మధ్యాహ్నం నెత్తికి ఉత్తరంగానే నడుస్తాడు, సాయంత్రం పడమటికి ఉత్తరంగానే కుంగుతాడు. అంటే ఆ మూడు నెలలూ హైదరాబాద్ ఇళ్ళ దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడనే పడదు. అది కాలేది చలికాలంలో. అప్పుడు ఆ వెచ్చదనం ఎవరికీ బరువు కాదు. తూర్పు గోడకి పొద్దుటి ఎండ తగులుతుంది, అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. పడమటి గోడకి మాత్రం ఆ అదృష్టం లేదు. మూడు, నాలుగు గంటలకి, గాలి ఆ రోజుకల్లా ఎక్కువగా కాగి ఉన్నప్పుడే, ఎండ దాని మొహాన కొడుతుంది. వేసవిలో ఇంట్లోకి దిగే ఎండ లెక్క తీస్తే మొదటి వాటా డాబాది, రెండోది పడమటి గోడది.

మనం రంగులకి పెట్టే ఖర్చు ఈ వరసలో సాగదు. షేడ్ కార్డు ముందేసుకుని హాలుకి ఒకటి, పిల్లల గదికి ఒకటి, వీధివైపు ఎలివేషన్‌కి మూడు రంగులు ఎంచుతాం. డాబాకి ఏ రంగు అని పెయింటర్ అడగడు, మనమూ చెప్పం. సిమెంటు బూడిదే దాని రంగు. వానలకి నాచు పట్టి నల్లబడితే అదే దాని రంగు. ఇంటి కరెంటు బిల్లునీ వేసవి నిద్రనీ రంగు అనేది నిజంగా మార్చగలిగే చోటు ఒకటుంటే, అది షేడ్ కార్డు అడగని ఈ గోడే. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

ఎండలో వచ్చే శక్తిలో కంటికి కనిపించే వెలుగు సగం కన్నా తక్కువ, సుమారు 43 శాతం. అతినీలలోహితం 5 శాతం. మిగిలిన 52 శాతం కంటికి ఆనని సమీప పరారుణ కిరణాలు. మండుటెండలో ఒక చదరపు మీటరు డాబా మీద దాదాపు 1000 వాట్లు పడుతుంది. ఒక ఇస్త్రీపెట్టెని అక్కడ బోర్లించి వదిలేసినట్టు. ఇందులో ఎంత వెనక్కి పోతుంది, ఎంత కిందికి దిగుతుంది అన్నది పైపొర చేతిలో ఉంది. కొత్తగా సున్నం కొట్టిన తలం 70 నుంచి 80 శాతం తిప్పి పంపిస్తుంది. పాతబడిన సిమెంటు స్లాబ్ 20 నుంచి 35 శాతం పంపిస్తుంది. తారు పూసిన డాబాకి 5 శాతం కూడా గగనమే.

కనిపించని ఆ 52 శాతం వల్ల ఒక చిత్రం జరుగుతుంది. కంటికి అచ్చం ఒకేలా ఉన్న రెండు గోధుమరంగు పెయింట్లలో ఒకటి పరారుణాన్ని మింగేయవచ్చు, రెండోది వెనక్కి పంపవచ్చు. 'కూల్' అని పేరు తగిలించి అమ్మే ముదురు రంగుల కిటుకు ఇదే, అందులో మోసమేమీ లేదు. కాకపోతే దానికో హద్దుంది. కనిపించే వెలుగుని మింగకపోతే అది ముదురు రంగే కాదు. అందుచేత ఎంత తెలివిగా తయారుచేసిన ముదురు రంగైనా మామూలు తెలుపుని దాటలేదు.

వెనక్కి పంపడం ఒక గుణమైతే, మింగిన వేడిని వదిలేయడం ఇంకో గుణం. ఏ వస్తువైనా దాని వేడికి తగ్గ పరారుణ కిరణాల్ని విడుస్తూనే ఉంటుంది. 50 డిగ్రీలకి కాగిన డాబా విడిచే కిరణాల తరంగదైర్ఘ్యం 9 మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. ఆ పొడవు దగ్గర రంగుతో పని లేదు: సున్నం, సిమెంటు, నల్ల పెయింటు, ఎర్ర పెంకు, అన్నీ విడవగలిగిన దానిలో 90 శాతం దాకా విడుస్తాయి. లోహాలు అలా కాదు. కొత్త జింకు రేకు ఎండని బాగానే తిప్పి కొడుతుంది, కానీ మింగిన కాస్త వేడిని వదలదు. దాని విడుదల తెలుపు పెయింటులో మూడోవంతు కూడా ఉండదు. తళతళలాడే రేకు మీద చెయ్యి పెడితే చుర్రుమనేది అందుకే. 'సిల్వర్ పెయింటు వేస్తే చల్లగా ఉంటుందట' అని రేకుల షెడ్డుకి అల్యూమినియం పూత పూయించేవాళ్ళు కనిపిస్తుంటారు. అదే డబ్బుకి తెల్లది పూయిస్తే ఎక్కువ ఫలితం. ఇదే లోహాన్ని రేకు అడుగున, గాలి ఖాళీ వదిలి, రేకుకాగితంలా పరిస్తే మాత్రం కథ తిరగబడుతుంది. వేడిని వదలని ఆ మొండితనమే అక్కడ మేలు చేస్తుంది, కింద ఉన్న మన మీదికి ప్రసరించనివ్వదు.

డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అని ఒక అంకె వేస్తారు. ఈ రెండు గుణాల్నీ కలిపి చెప్పే అంకె అది. ఒక ప్రామాణిక నలుపుకి 0, ఒక ప్రామాణిక తెలుపుకి 100 అని పెట్టుకుని మధ్యలో కొలుస్తారు. డాబాకి కొనేటప్పుడు 'వాటర్‌ప్రూఫ్', 'హీట్‌ప్రూఫ్' అన్న పెద్దక్షరాలు వదిలేసి ఈ అంకె ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇప్పుడు స్లాబ్ సంగతి. బయట గాలి 40 డిగ్రీలుంది, డాబా మీద 900 వాట్ల ఎండ పడుతోంది, గాలి మెల్లగా వీస్తోంది అనుకుని ఇంజనీర్లు వాడే మామూలు సూత్రంలో వేస్తే, ఎండలో 90 శాతం మింగే నల్ల తలం మీద ఎండా గాలీ కలిసి చేసే ప్రభావం 76 డిగ్రీల గాలితో సమానమవుతుంది. 25 శాతమే మింగే తెల్ల తలానికి అదే లెక్క 50 దగ్గర ఆగుతుంది. స్లాబ్ వేడిని లోపలికి లాక్కుంటూ ఉంటుంది కాబట్టి థర్మామీటరు పెట్టి చూస్తే నల్ల డాబా అంత చూపించదు. ఆ రెండు అంకెల మధ్య దూరం మాత్రం నిజమైనదే, చెప్పుల్లేకుండా డాబా ఎక్కినవాళ్ళ పాదాలకి బాగా తెలిసినదే.

ఈ వేడి వెంటనే గదిలోకి రాదు. ఐదారు అంగుళాల కాంక్రీటుని దాటడానికి దానికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి పైన పేరుకున్నది సాయంత్రం ఆరూ ఏడూ గంటల మధ్య అడుగున బయటపడుతుంది. బయట చల్లగాలి మొదలయ్యాక, ఇంటిల్లిపాదీ లోపల చేరాక, స్లాబ్ కక్కడం మొదలుపెడుతుంది. మన చర్మం వేడి 34 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. పైకప్పు అడుగుభాగం అంతకన్నా వేడిగా ఉంటే ఒంట్లోంచి వేడి అటు పోవాల్సింది పోయి, అటునుంచే మన మీదికి వస్తుంది. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఒళ్ళు కాలుతున్నట్టు ఉండడానికి కారణం గాలి వేడి ఒక్కటే కాదు, పైన ఉన్న ఆ వెడల్పాటి వేడిపలక. ఏసీ గాలిని చల్లబరిచి 28 చూపిస్తున్నా మనం రిమోట్ తీసుకుని 24కి, 22కి దింపుకుంటూ పోవడం వెనకా ఈ పలకే ఉంది. తెల్లరంగు పలక వేడిని తగ్గిస్తుంది కనుక గాలిని అంత చల్లబరచాల్సిన అవసరమే తగ్గుతుంది.

రాయలసీమ మట్టిమిద్దెలు ఈ సమస్యని ఇంకో దారిలో తప్పించాయి. అడుగు మందాన మట్టి, దాని మీద చౌడు. అంత మందాన్ని దాటేసరికి వేడికి రాత్రి గడిచిపోతుంది, దారిలోనే చాలావరకు నీరసించిపోతుంది. కాంక్రీటు వచ్చి ఆ మందాన్ని పావుకి, సగానికి తగ్గించింది. వాన కారడం తగ్గింది, ఎండ దిగడం పెరిగింది. పైపొర రంగు గురించి ఇంత మాట్లాడుకోవాల్సి రావడం ఒక రకంగా పలచబడ్డ ఆ కప్పు తెచ్చిపెట్టిందే.

రంగు అంటే మనకి మొదట తెలిసింది సున్నమే. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయిని, పులికాట్ ఒడ్డున గుల్లల్ని 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమని మరిగి తడిసున్నం అవుతుంది. గోడకి కొట్టాక అది గాలిలోంచి పోయిన వాయువునే మళ్ళీ తీసుకుని, మెల్లగా సున్నపురాయిగా గట్టిపడుతుంది. కొట్టిన వెంటనే గోడ మాసినట్టు, కింద పాత మరకలు కనిపించేట్టు ఉంటుంది; ఆరాక చూస్తే మల్లెపువ్వులా తెల్లబడి ఉంటుంది. సున్నం కొట్టేవాళ్ళకి ఇది రోజూ చూసే విషయం. భౌతికశాస్త్రానికి ఇది అసలు విషయం.

తెలుపు అనేది పదార్థంలో ఉండే రంగు కాదు. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకోదాంట్లోకి దాటేటప్పుడు వంగుతుంది, కొంత వెనక్కి మళ్ళుతుంది. రెండింటి వక్రీభవన గుణకాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ మళ్ళుతుంది. సున్నపురాయి గుణకం 1.6 దగ్గర, నీటిది 1.33, గాలిది 1. తడి సున్నంలో రేణువుల మధ్య నీరుంటుంది, తేడా తక్కువ, అందుకే వెలుగు దాటిపోయి గోడ కనిపిస్తుంది. నీరు ఆరి ఆ సందుల్లో గాలి చేరగానే తేడా పెరుగుతుంది. లక్షల సందుల దగ్గర లక్షలసార్లు చెదిరిన వెలుగు చివరికి వచ్చినవైపుకే తిరిగి పోతుంది. అదే మన కంటికి తెలుపు.

డబ్బా పెయింటులో రేణువుల చుట్టూ గాలి కాదు, 1.5 గుణకం ఉన్న జిగురు ఉంటుంది. అందులో సున్నపుపొడి కలిపితే తేడా దాదాపు సున్నా, తెలుపు రాదు. అందుకే 1916 ప్రాంతంలో కర్మాగారాల నుంచి రావడం మొదలైన టైటానియం డయాక్సైడ్ పెయింట్ల లోకాన్ని ఏలింది. దాని గుణకం 2.7 దాకా ఉంటుంది. మన దేశంలో తిరువనంతపురంలో 1946లో దీనికోసం ఒక కంపెనీ పుట్టింది. ముడిసరుకు ఇల్మనైట్ భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలోనూ ఉంది. దీనికి ఒకే ఒక్క లోపం: అతినీలలోహితాన్ని మింగుతుంది. ఎండలో అది 5 శాతమే అయినా, నూటికి నూరు తిప్పి పంపాలనుకునేవాళ్ళకి ఆ 5 శాతమే అడ్డు.

అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం ఆ అడ్డుని తొలగించే పనిలో పడి, మొదట చేరింది ఎక్కడికనుకున్నారు? సున్నపురాయి దగ్గరికే. 2020లో వాళ్ళు కాల్షియం కార్బొనేట్ రేణువుల్ని చిన్నా పెద్దా కలగలిపి, మామూలు పెయింటులో కన్నా చాలా చిక్కగా, 60 శాతం దాకా దట్టించి, ఎండలో 95.5 శాతం తిప్పికొట్టే పెయింటు చేశారు. ఆ మరుసటి ఏడాది బేరియం సల్ఫేట్‌తో 98.1 శాతానికి చేరారు. ఆ పూత ఎండలోనే చుట్టూ గాలి కన్నా 4 డిగ్రీల పైన చల్లగా ఉంది. ఎండని దాదాపు మొత్తం పంపించేసి, తనలోని వేడిని 8 నుంచి 13 మైక్రాన్ల కిరణాలుగా విడిచిపెడితే వాటిని గాలి పెద్దగా అడ్డుకోదు, అవి నేరుగా అంతరిక్షానికి పోతాయి. గాలిలో తేమ పెరిగితే ఆ కిటికీ మసకబారుతుంది. కాబట్టి ఈ చివరి మెరుగు అనంతపురంలో దక్కినంతగా కాకినాడలో దక్కదు. మామూలు తెలుపు చేసే మేలుకి మాత్రం ఈ తేడా అంతగా వర్తించదు, ఎండని వెనక్కి పంపడం రెండుచోట్లా ఒకటే.

బేరియం సల్ఫేట్ అంటే ముగ్గురాయి, బెరైటీస్. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో దొరికేది అదే, ప్రపంచంలో ఒకేచోట ఉన్న అతి పెద్ద నిల్వల్లో అదొకటి. బరువైన రాయి కనుక అందులో ఎక్కువ భాగం చమురుబావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి పోతోంది. పర్‌డ్యూ పూత 0.4 మిల్లీమీటర్ల మందం, మామూలు పెయింటు పూతలకి కొన్ని రెట్లు. మన డాబాలకి ఇంకా దూరపు సంగతే. కానీ రాయి మన ఊళ్ళోదే కదా అని ఒకసారి అనుకోకుండా ఉండలేం.

ఇంత శాస్త్రం చెప్పి, బిల్లు ఎంత తగ్గుతుందో చెప్పకపోతే పాఠకుడు ఊరుకోడు. హైదరాబాద్‌లోనే కొలిచిన లెక్క ఒకటుంది. ఐఐఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల కలిసి నగర పరిధిలో ఏసీ ఆఫీసు భవనాల మీద తెల్లపూత వేసి చూశాయి. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, పూతలేని కాంక్రీటు కప్పుని తెల్లబరిస్తే చదరపు మీటరుకి ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. చల్లదనానికి వాడే కరెంటులో 10 నుంచి 19 శాతం. నల్ల కప్పుని తెల్లబరిస్తే 20 నుంచి 22 యూనిట్లు, 14 నుంచి 26 శాతం.

ఆఫీసు వేరు, ఇల్లు వేరు. మనం ఇల్లంతా రోజంతా ఏసీ నడపం. రాత్రి ఒక పడకగదిలో నడుపుతాం. పై అంతస్తులో పన్నెండడుగుల చదరపు గది తీసుకుందాం, 13 చదరపు మీటర్ల పైచిలుకు. మే నెలలో రోజుకి చదరపు మీటరుకి ఆరున్నర యూనిట్ల ఎండ. బూడిదరంగు నుంచి తెలుపుకి మారితే అందులో 40 శాతం, అంటే 2.6 యూనిట్లు స్లాబ్‌కి ఎక్కవు. ఎక్కినా అందులో ఆరో వంతే కిందికి దిగేది, మిగతాది పైన గాలికే పోయేది. కాబట్టి గదిలోకి రాకుండా ఆగేది రోజుకి ఆరు యూనిట్ల వేడి. అందులో సగం ఏసీ నడిచే రాత్రివేళది అనుకుని, ఒక యూనిట్ కరెంటుతో ఏసీ మూడు యూనిట్ల వేడిని తోడుతుంది కనుక, మిగిలేది రాత్రికి ఒక యూనిట్. నెలకి ముప్ఫై. 'బిల్లు సగానికి సగం' అనే ప్రకటనలు చదివినవాళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుంది. ఒక బస్తా సున్నం చేసే పనికి మాత్రం ఇది చిన్న ఫలితం కాదు.

ఏసీయే లేని ఇళ్ళలో యూనిట్లు కొలవడం అర్థం లేని పని. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ మీద తెల్లని పలచని పాలిథిలిన్ పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలు అంటే టీవీలో వాతావరణ వార్త చూసేవాళ్ళకి ఏమీ కాదు. రేకుల కింద మే రాత్రి నిద్రపోవాల్సినవాళ్ళకి అది నిద్రపట్టడం, పట్టకపోవడం. రేకు పలచన, వేడిని ఆలస్యం చేసే మందం దానికి లేదు, పైన పడ్డ ఎండ నిమిషాల్లో కిందికి దిగుతుంది. కాబట్టి తెలుపు వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడేది రేకుల ఇళ్ళవాళ్ళే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా వర్తించే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు, అందులో హైదరాబాద్‌లోనే 200, చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకీ, 600 చదరపు గజాలూ అంతకు పైబడిన స్థలంలో కట్టే ఇళ్ళకీ అది తప్పనిసరి. రేకుల ఇల్లు ఆ 600 గజాల లెక్కలోకి రాదు. దానికి నియమం కన్నా ఎవరైనా చేతికి కుంచె ఇవ్వడం అవసరం.

తెల్లపూతకి శత్రువు దుమ్ము. 80 శాతంతో మొదలైన పూత ఒక ఏడాది మన ఊళ్ళ దుమ్ము తాగాక 60ల్లోకి దిగిపోతుంది. కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. అందుకే ఖరీదైన పూత ఒకసారి వేసి పదేళ్ళు మరిచిపోవడం కన్నా, చవకైన సున్నం ఏటా వేసవికి ముందు కొట్టడం నాకు తెలివైన పనిగా తోస్తుంది. కోస్తాలో సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయించే అలవాటు ఉండేది. అదే కుంచెతో డాబా ఎక్కితే సరిపోతుంది, లేదా ఉగాదిలోపు. సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త తెల్ల సిమెంటూ జిగురూ కలిపి, డాబాని తడిపి, పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఎండ దిగాక వేయాలి. సున్నం రాయిగా మారడానికి తడి కావాలి. మిట్టమధ్యాహ్నం వేస్తే తడి ఎగిరిపోయి, పొడిగా రాలి, బట్టలు ఆరేయడానికి వెళ్ళినవాళ్ళ పాదాలకి అంటుకుంటుంది. కళ్ళలో పడకుండా చూసుకోవాలి, తడిసున్నం కంటిని నిజంగానే కాలుస్తుంది. ఎండకి జిగేల్‌మని కళ్ళు మూసుకుపోవడం ఈ డాబాల మీద మామూలే, దానికి నల్లకళ్ళద్దాలు తప్ప మందు లేదు.

ఇక దుకాణంలో చెప్పే మాటలు. 'ఇందులో సెరామిక్ గోళీలున్నాయి సార్, లోపల వేసినా వేడి ఆపుతుంది' అంటాడు. చిన్న భాగాహారం చాలు. వేడిని అడ్డుకునే శక్తి అంటే మందాన్ని ఆ పదార్థపు ఉష్ణవాహకతతో భాగించడమే. 0.3 మిల్లీమీటర్ల పూత, వాహకత 0.1 అని ఉదారంగా ఒప్పుకున్నా, వచ్చేది 0.003. మామూలు స్లాబ్‌కి అప్పటికే 0.3 ఉంటుంది. అంటే పూత చేర్చింది నూటికి ఒకటి. రెండంగుళాల థర్మాకోల్ చేర్చేది 1.4. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018లో ఇళ్ళకోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకి కనీసం 0.83 ఉండాలంటుంది, దాన్ని ఏ పెయింటూ తీర్చలేదు, స్లాబ్ మీద ఇన్సులేషన్ పరవాల్సిందే. పెయింటు చేయగలిగింది ఎండని తిప్పి పంపడం. ఎండ పడని లోపలి గోడకి ఆ పని లేదు.

అదే కారణంగా 'నీలం వేస్తే గది చల్లగా ఉంటుంది' అన్నదీ మనసుకి సంబంధించిన మాట. చల్లగా అనిపించవచ్చు, కాదనను. థర్మామీటరు ఒప్పుకోదు. ఒకే గోడకి ఒకే వేడిలో నీలం, నారింజ, నలుపు ఏది వేసినా గదిలోకి విడిచే పరారుణం ఒక్కటే.

లోపలి రంగు తేడా చూపించేది వెలుతురులో. బల్బు నుంచి బయల్దేరిన వెలుగు గోడలకి, సీలింగుకి తగిలి తగిలి తిరుగుతుంది. ఒక్కో తాకిడికి 30 శాతం మిగిలే ముదురు గదిలో, అన్ని తాకిళ్ళూ కూడితే మొదటి వెలుగు దాదాపు 1.4 రెట్లవుతుంది. 70 శాతం మిగిలే లేతరంగు గదిలో 3.3 రెట్లు. అదే ట్యూబ్‌లైటు, రెట్టింపుకి మించిన వెలుగు. ఎల్‌ఈడీల కాలంలో దీనివల్ల మిగిలేది నెలకి ఏవో కొన్ని యూనిట్లే, దీన్ని పెద్దది చేసి చెప్పను. పగలే లైటు వేసుకునే ఇరుకు ఇళ్ళలో మాత్రం విషయం వేరు. అక్కడ కిటికీ చట్రం లోపలి అంచులు, బయట సజ్జ అడుగుభాగం, కిటికీకి ఎదురు గోడ, సీలింగు, ఈ నాలుగూ తెల్లగా ఉంటే పగటి లైటు చాలావరకు తప్పుతుంది. సందులో ఇంటికి వెలుగు ఆకాశం నుంచి నేరుగా రాదు, పక్కింటి గోడకి తగిలి వస్తుంది. ఎదుటివాళ్ళు ముదురు బూడిదరంగు వేయించుకుంటే మన వంటింట్లో లైటు వెలుగుతుంది. ఈమధ్య బొగ్గురంగు ఎలివేషన్ల మోజు చూస్తుంటే ఈ సంగతి వాళ్ళకెవరైనా చెప్పారా అనిపిస్తుంది. పడమటి మొహం ఉన్న ఇంటికి కూడా అదే వేయిస్తున్నారు.

పడమటి గోడకి లేతరంగు సగం పనే చేస్తుంది. మిగతా సగం కిటికీ దగ్గర ఉంది, అక్కడ పరదా ఎటువైపు వేలాడుతోంది అన్నదే ముఖ్యం. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండని ముదురు మఖమల్ పరదా మింగి, గదిలోనే కక్కుతుంది. పరదా వెనక తెల్ల లైనింగ్ కుట్టిస్తే కొంతైనా అద్దంలోంచే తిరిగిపోతుంది. బాల్కనీ బయటి అంచున వెదురు తెర కడితే ఎండ అద్దాన్నే చేరదు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లే పద్ధతి ఇంకో మెట్టు పైన: ఒక లీటరు నీరు ఆవిరైతే 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. నిజామాబాద్ పొడిగాలిలో అది అద్భుతంగా పనిచేస్తుంది, మచిలీపట్నంలో ఉక్కపోతని మాత్రమే పెంచుతుంది.

పై అంతస్తులో ఫాల్స్ సీలింగు వేయించుకునేవాళ్ళు అందం కోసమే వేయించుకుంటారు, కానీ తెలియకుండా ఒక మంచిపని చేస్తున్నారు. స్లాబ్ కింద ఒక జానెడు గాలి, దాని కింద జిప్సమ్ పలక ఉంటే ఆ కక్కే వేడి నేరుగా మంచం మీద పడదు. పలక పైన రేకుకాగితం పరిపిస్తే ఇంకా మంచిది. అందులో దూర్చే కోవ్ లైట్లు సగం వెలుగుని పీవోపీ అంచులకే ధారపోస్తాయన్నది వేరే కథ.

ఇవన్నీ సొంత డాబా ఉన్నవాళ్ళ సంగతి. అపార్ట్‌మెంట్లో డాబా అందరిదీ, దాని వేడి మాత్రం పై అంతస్తువాళ్ళది. ఐదంతస్తుల భవనంలో తెల్లపూత మేలు చేసేది పై వరస ఫ్లాట్లకే. కిందివాళ్ళ బిల్లులో రూపాయి మారదు. అసోసియేషన్ మీటింగులో 'మాకేంటి లాభం' అని గ్రౌండ్ ఫ్లోర్ ఆయన అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దీనికి నాకు కనిపించిన దారి వాటర్‌ప్రూఫింగ్. డాబా ఉరవడం మొదలైతే స్లాబ్ ఇనుము తుప్పు పడుతుంది, ఆ భయం అందరిదీ కనుక ఆ ఖర్చు అందరూ పంచుకుంటారు. అప్పుడు వేసే పూత ఎర్రమట్టి రంగు, బూడిద రంగు, తెలుపు మూడింట్లోనూ దొరుకుతుంది. మరకలు కనపడవని ఎర్రదో బూడిదదో వేయిస్తుంటారు. కొటేషన్ మీద సంతకం పెట్టేముందు రంగు గడిలో తెలుపు అని రాయించి, ఏడాదికి ఒకసారి, హోలీ వెళ్ళాక, డాబా కడిగించే బాధ్యత వాచ్‌మన్ పనుల జాబితాలో చేర్పిస్తే సరి. ఐదో అంతస్తువాళ్ళు ఆ కడిగింపు కూలి తామే ఇస్తామంటే మీటింగు త్వరగా ముగుస్తుంది.